మల్లికార్జున నేర్చిన తమిళం

ఉత్సవంలో స్వామి పక్షాన తమిళంలో మాట్లాడే మగమనిషి కావాలంటావ్. హాలు మాట్లాడుకున్నారు, అమ్మవారి పక్షాన నువ్వున్నావ్, తీరా స్వామికే మనిషి దొరకలా. బాగుందమ్మా. కూర్చో ఐశ్వర్యా, ఈ వానలో ఎటూ కదల్లేవు. ఇన్ని వందల మందిమి ఉన్నాం ఇప్పుడు, ఆ రోజుల్లో ఈ బాలింకాలిగ్ ఊరు మొత్తం తిరిగినా మనవాళ్ళ గడపలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఈ శ్రీరంగం ఉత్సవం ఇక్కడ మొదట చేసింది మీరు కాదమ్మా. మల్లికార్జున చేశాడు. ఎవరా? నిజమేలే, నువ్వెట్టా ఎరుగుదువు, నువ్వీ దేశానికి వచ్చేటప్పటికే వాడు పోయి చానా ఏళ్ళయింది. టీ తీసుకో. చక్కెర ఆ ప్రెస్‌లో, అదే, అలమరలో ఉంది చూడు, పైది కాదు, కిందది. ఆఁ, అదే.

మల్లికార్జునది కర్నూలు జిల్లా, శ్రీశైలం కొండ కింద ఆత్మకూరు. హార్బరు అవతల మందుల ఫ్యాక్టరీలో ఇద్దరం చేసేవాళ్ళం, ఒక్క కార్లో పోయి రావడం. మంచోడమ్మా, పిలిస్తే పలికేవాడు. మా ఆవిడ మంగాదేవికి ఆపరేషన్ అయినప్పుడు రోజూ క్యారియర్ మోశాడు. కానీ ఒక్కటే జబ్బు వాడికి. కుళ్ళు. భార్య విషయంలో మాత్రం నిలువెల్లా కుళ్ళు. పక్కింటి ఐరిష్ ముసలమ్మ పిల్లి గోడ దూకి వచ్చి ఇందుమతి ఒళ్ళో పడుకునేది. దాన్నీ ఓర్చుకోలేడు. "ఏం కామేశా, ఆ పిల్లికి వాళ్ళింట్లో ఒడి లేదా? ఈడికే రావల్లనా?" అని నాతో అంటా స్టీరింగ్ మీద గుద్దేవాడు. నవ్వుతావేందమ్మా, వాడు నవ్వులాటకి అన్లా. వాళ్ళ జీపీ, అదే, డాక్టరు, ఆమెతో వాన గురించి ఎక్కువసేపు మాట్లాడాడని జీపీనే మార్పించాడు. ఈ దేశంలో వాన గురించి మాట్లాడనోడు ఎవడుంటాడు చెప్పు!

ఇందుమతి వాడి భార్య. శ్రీరంగం పిల్ల. తెలుగువాళ్ళేనమ్మా, నాయకరాజుల కాలంలో అటు వెళ్ళి ఉండిపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలోకొస్తే తమిళం. నువ్వు వెళ్ళావా శ్రీరంగం? వెళ్ళలేదా? అన్ని ఊళ్ళలో గుడి ఊళ్ళో ఉంటుంది, అక్కడ ఊరే గుళ్ళో ఉంటుంది. కావేరి రెండు పాయలుగా చీలితే మధ్యన దీవి, దీవి మీద ఏడు ప్రాకారాలు. లోపలి వాటిల్లో దేవుడు, బయటి వాటిల్లో ఇళ్ళు, కూరగాయల కొట్లు, సైకిల్ రిపేరు షాపులు. "మా రంగడి గోడా మా ఇంటి గోడా ఒకటే అన్నయ్యగారూ" అనేది. ఏదో మేనమామ గురించి చెప్పినట్టు చెప్పేది. నూట ఎనిమిది దివ్యక్షేత్రాల్లో మొదటిది అదే గదా, ఆళ్వార్లందరిలో ఒక్కరు తప్ప అందరూ ఆ స్వామి మీద తమిళంలో పాడినవాళ్ళే. అసలు ఊరేగింపులో ఆ తమిళ పాశురాలు పాడేవాళ్ళు స్వామికి ముందు నడుస్తారు, వేదం చదివేవాళ్ళు వెనకాల వస్తారు. "మా రంగడు తమిళం వెంట పోతాడు, వేదం మా రంగడి వెంట పోతుంది" అంటా ఉంటే ఆమె మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు చూస్తే మావాడికి ఒళ్ళు మంట.

ఒకరోజు మా ముందే అన్నాడు, "మీ రంగడు ఎప్పుడు చూసినా పండుకోనే ఉంటాడు. మా మల్లన్న జూడు, ఎవరు పోయినా తాకనిస్తాడు. తలకాయ ఆనించి ఏడ్సినా ఊరకుంటాడు. మీ వాణ్ణి తాకనిస్తారా?" అని. ఆమె పప్పు వడ్డిస్తా, "తాకే పని ఏల? చూస్తే చాలదా?" అంది. అంతే. వీడు కంచంలో చెయ్యి ఆపేసి, "నన్నెప్పుడన్నా అట్ల చూసినావా నువ్వు?" అన్నాడు. ఆమె నెయ్యి వేసి వెళ్ళిపోయింది. దేవుడితో పోటీకి దిగినవాడిని ఎవరు గెలిపిస్తారు.

ఇట్టా ఉండగా ఫ్యాక్టరీ ల్యాబులోకి ఒకాయన వచ్చాడు. సారనాథన్ అని, తిరుచ్చి వాడు. నెమ్మదైన మనిషి, మాకన్నా పెద్దవాడు, వీసా రాక భార్యాపిల్లలు ఊళ్ళోనే ఉండిపోయారు. ఒంటరిగా బ్రెడ్డు తింటున్నాడని జాలిపడి ఆదివారం భోజనానికి పిలిచింది ఎవరనుకున్నావ్? మల్లికార్జునే. వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతా ఏ ఊరంటే ఏ ఊరనుకున్నారు. ఆయనది ఉరైయూరు. అంటే శ్రీరంగానికి కావేరి అవతల ఒడ్డు. ఇందుమతమ్మ చేతిలో గరిట అట్టాగే ఉంది, "ఉరైయూరా!" అని, ఆ తర్వాత ఏదో అంది తమిళంలో. ఆయనేదో అన్నాడు. ఆమె నవ్వింది చూడూ... పొట్ట పట్టుకుని నవ్వింది. మేం అన్నేళ్ళ నుంచి ఎరుగుదుం ఆమెని, అట్టా నవ్వుతుందని మాకు తెలీదు. తెలుగులో ఆమె చిరునవ్వు వరకే. మావాడి మొహం చూశాను. ఇల్లు దోచుకుపోతుంటే కట్టేసి కూర్చోబెట్టిన మనిషి మొహం అది.

ఇంక ప్రతి ఆదివారం అదే. ఆయన రావడం, వాళ్ళిద్దరూ తమిళంలో దెబ్బలాడుకున్నట్టు మాట్లాడుకోవడం, ఆమె నవ్వడం. వీడు మధ్యలో దూరి "ఇంగ్లీష్ ప్లీజ్, ఇంగ్లీష్ ప్లీజ్" అనేవాడు, ట్రాఫిక్‌లో నిలబడ్డ గార్డా పోలీసులాగా. ఇంగ్లీషులోకి మారగానే నవ్వు పోయేది. వర్క్ ఎట్టా ఉంది, రెంట్ ఎంత పెరిగింది, అంతే. అప్పుడు వాడికి ఇంకా మంట. "ఏందిరా, నాకు తెలిసిన భాషలో నవ్వు రాదా ఆమెకు?" అని నన్నడుగుతాడు.

ఏం చేశాడో తెలుసా. కార్క్ సిటీలో అప్పుడు ఒక శ్రీలంక తమిళుల కొట్టు ఉండేది, కరివేపాకు, మునక్కాడలు అక్కడే దొరికేవి. కొట్టు నడిపేది తవమణి అని ఒకావిడ. ఆవిడ భర్త వెనకాల బియ్యం మూటల దగ్గర ఉండేవాడు, చెవుడు. మల్లికార్జున శనివారం శనివారం ఓవర్‌టైమ్ అని ఇంట్లో చెప్పి ఆ కొట్లో ఒక స్టూలేసుకుని కూర్చున్నాడు. తమిళం నేర్పమన్నాడు. ఆవిడకీ కాలక్షేపం, సరుకులు తూస్తా నేర్పింది. ఎందుకు నేర్చుకుంటున్నావయ్యా అంటే ఏం చెప్పాడో తెలీదు. వాడి ఆలోచనల్లా ఒకటే, ఆదివారం వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో వాళ్ళకి తెలీకుండా వినాలి.

వచ్చీరాని భాష ఎంత ప్రమాదమో చూడు. ఒకరోజు పొద్దున కారెక్కగానే తెల్లబోయి ఉన్నాడు. "కామేశా, మోదిరం అంటే ఏమో తెలుసునా? ఉంగరం. కదవు అంటే తలుపు. పొయ్ అంటే అబద్ధం. ఆదివారం ఈ మూడు మాటలే తిప్పి తిప్పి చెప్పుకుంటాండారు. ఉంగరం, తలుపు, అబద్ధం. ఇంకేం కావల్ల నాకు? నేనేమన్నా ఎర్రోణ్ణా?" ఒరేయ్, ఆమెని అడగరా అన్నాను. "అడిగితే చెప్తాదా? తలుపు గురించి అబద్ధం చెప్పేది నాకు చెప్తాదా?" అన్నాడు. ఫ్యాక్టరీ వచ్చేదాకా ఆమె పాత ఉంగరాలన్నీ గుర్తు చేసుకుంటానే ఉన్నాడు పాపం, ఏది కనపడటల్లేదా అని.

ఆ ఆదివారం నేనూ మంగాదేవీ కూడా ఉన్నాం. సాంబారు పోసుకుంటున్నాం. సారనాథన్ ఏదో అన్నాడు, అందులో మోదిరం అనే మాట నాక్కూడా వినపడింది. ఇందుమతమ్మ ఫక్కున నవ్వింది. వీడు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. "ఏం ఉంగరం? ఎవరిది? ఏ తలుపు తీసి పెడతాండావు నువ్వు ఈ మనిషికి?" తెలుగులోనే అరిచాడు. సారనాథన్‌కి తెలుగు రాదు, కానీ ఆ మాటకి భాష ఎందుకమ్మా, వేలు తన వంకే చూపిస్తుంటే. వీడికి ఆ మాటలెట్టా తెలిశాయని ఆ గొడవలో ఎవరికీ తట్టలా.

ఆమె ఏడవలేదు. అరవలేదు. చెయ్యి తుడుచుకుని, మా మంగాదేవి వంక తిరిగి, వీడి వంక చూడకుండా చెప్పింది. నీకు తెలిసిన కథే, అయినా ఆమె చెప్పిన తీరు చెప్తా విను. "వదినగారూ, మా రంగడు పంగుణి నెలలో, అదే ఫాల్గుణంలో, ఒకనాడు కావేరి దాటి ఉరైయూరు పోతాడు. అక్కడ కమలవల్లి అని ఆయన ఇంకొక భార్య, చోళరాజు కూతురు. ఆ పగలంతా ఆమె పక్కన కూర్చుంటాడు. తిరిగి వచ్చేసరికి చేతి ఉంగరం ఉండదు. మా అమ్మ రంగనాయకి గడప దాటే తల్లి కాదు, గడప లోపల నుంచే తలుపు వేసేస్తుంది. ఉంగరం ఏదంటే ఎక్కడో జారిందంటాడు, వెతకబోయినానంటాడు. అబద్ధం అంటుంది అమ్మ. పూలు విసురుతారు, వెన్న విసురుతారు, అరటి మట్టలతో కొడతారు దేవుణ్ణి. చివరికి ఆళ్వారు వచ్చి సర్దిచెప్తే తలుపు తెరుస్తుంది. ఏడాదిలో ఆ ఒక్క పూటే ఇద్దరూ పక్కపక్కన కూర్చునేది. సారనాథన్ గారిది ఉరైయూరు, నాది శ్రీరంగం. మా దేవుణ్ణి మీ అమ్మాయి వల వేసి పట్టిందని నేనంటాను, మీ దేవుడే మా వీధుల్లో తిరుగుతున్నాడని ఆయనంటాడు. చిన్నప్పటి నుండి మా రెండు ఊళ్ళకీ అదే ఆట. ఆదివారాలు ఆడుకుంటున్నాము." అంతే చెప్పింది. సారనాథన్ లేచి చెయ్యి కడుక్కుని, ఆమెకి దణ్ణం పెట్టి, వీడికీ పెట్టి, వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆదివారం రాలేదు.

ఏం చెప్తన్నానూ... ఆఁ. గెలిచాడు గదా మావాడు. ఇంట్లో తమిళం ఆగిపోయింది. నవ్వూ ఆగిపోయింది. ఆమె కోపంగా కూడా లేదమ్మా, అదీ బాధ. ఎట్టున్నావంటే ఈ ఐరిష్ వాళ్ళలాగా "గ్రాండ్" అంటుంది. అన్నం తిన్నావా అంటే "గ్రాండ్". ఆ పిల్లిని కూడా దింపేసింది ఒళ్ళోంచి. "తిట్టినా బాగుండు కామేశా. ఇంగ నేను దేని మీద కుళ్ళుకోవల్ల? ఏమీ మిగల్లేదు ఆ ఇంట్లో" అన్నాడొక రోజు. వాడు అట్టా అనగా నేను వినడం అదే మొదలు. అయినా శనివారం తమిళం మాత్రం మానలా. చలికాలమంతా ఆ తవమణి దగ్గర కూర్చున్నాడు. ఇప్పుడు వినడానికి కాదు, మాట్లాడటానికి.

ఫిబ్రవరిలో సారనాథన్ ఇంటికెళ్ళి క్షమించమన్నాడు. ఇక్కడ పంగుణిలో ఆ ఉత్సవం చేద్దాం, మీరు రావాలి అన్నాడు. ఆయన, వస్తాను, కానీ కుర్చీలో కూర్చుంటాను, స్వామి పక్షాన నువ్వే నిలబడు అన్నాడంట. ఇంట్లో ఇందుమతమ్మకి చెబితే, "మీకు తమిళం రాదే" అందంట. "వస్తుంది లే" అన్నాడంట. తెలుగక్షరాల్లో రాసుకుని చదువుతాడనుకుంది ఆమె. ఇంకేమీ అడగలా.

చర్చి పక్కన హాలు. ఫాదర్ మంచాయన, "దేవుడూ దేవేరీ దెబ్బలాడుకుంటారా? గ్రాండ్, గ్రాండ్" అని తాళాలిచ్చాడు. కుర్చీలు దాచే స్టోర్‌రూమ్ ఉంది, దానికి తలుపు. అదే అమ్మవారి గర్భగుడి. లోపల ఇందుమతి, మంగాదేవి, పటం. బయట చిన్న పల్లకీలో స్వామి పటం పట్టుకుని మల్లికార్జున, పట్టుపంచె కట్టి దాని కింద థర్మల్స్ వేసుకుని. పూలంటే డాఫోడిల్స్. వెన్నకి లోటేముంది ఈ దేశంలో. అరటి మట్టలే దొరకలా. ఉల్లికాడల్లా ఉంటాయి చూడు, మణికట్టంత లావున, లీక్స్, అవి తెప్పించాం. ఆళ్వారు పక్షం నాది, రెండు ముక్కలు తెలుగులో చెప్పడమే గాబట్టి నాకిచ్చారు. నా వంతు వచ్చేదాకా సారనాథన్ పక్కన కూర్చున్నా, ఆయన చెవిలో ఇంగ్లీషులో చెప్తా ఉన్నాడు, అందుకే నాకు ప్రతి మాటా తెలుసు.

లోపల నుంచి ఆమె అడిగింది. పట్టుబట్ట మడత ఎందుకు నలిగింది, చేతి ఉంగరం ఏదీ, అని. చక్కని తమిళం, గుడిగంటలాగా. వీడు చెప్పాలి. కాగితం లేదు చేతిలో. గొంతు సవరించుకుని తలుపు దగ్గరకి జరిగి, "ఇంజారుంగో" అన్నాడు. హాల్లో మాకెవరికీ అర్థం కాలా. సారనాథన్ మాత్రం కండువా నోట్లో కుక్కుకున్నాడు. ఏంటండీ అంటే, అయ్యో, అది శ్రీలంకలో యాళ్పాణం వైపు తమిళం, అక్కడ భార్యలు భర్తని పిలిచే పిలుపది, ఇదిగో ఇటు చూడండీ అని. మగవాడు అనే మాటే కాదు అన్నాడు. వీడు ఆ కొట్లో తవమణి తన చెవిటి మొగుణ్ణి రోజంతా పిలుస్తుంటే విని, భార్యాభర్తలు ఒకళ్ళనొకళ్ళు అట్టా పిలుచుకుంటారనుకున్నాడన్నమాట!

వీడు కొనసాగించాడు, ఉంగరం ఇసకలో జారింది, వెతకబోయాను, అని. అంతా ఆ లంక యాసలోనే. అప్పుడు లోపల నుంచి ఆమె గొంతు వచ్చింది. తమిళంలోనే, కానీ ఇది కథలో మాట కాదమ్మా. "ఇది ఆడదాని మాట. ఏ ఆడది నేర్పింది మీకు?" అంది. జనం ఇదీ ఉత్సవంలో భాగమే అనుకుని చప్పట్లు కొడుతున్నారు. వీడు తెల్లబోయాడు. "శనివారాలు ఓవర్‌టైమ్ అన్నారే, ఎక్కడికి పోతా ఉన్నారు? ఆమె దగ్గరికేనా?" అంది. వీడు చివరికి "ఓం" అన్నాడు. లంక తమిళంలో ఓం అంటే అవును అని. మనవాళ్ళంతా ఇంకేదో మంత్రం అనుకుని చేతులు జోడించి "ఓం" అన్నారు. ఫాదర్ కూడా!

తలుపు తెరుచుకోలా. సందులోంచి డాఫోడిల్స్ వచ్చాయి ముందు. తర్వాత వెన్న, రేపరుతో సహా, వాడి భుజానికి తగిలింది. తర్వాత లీక్స్. మా మంగాదేవి చెప్పింది తర్వాత, నేను పట్టుకుంటున్నా ఆగలేదండీ, పళ్ళు కొరుకుతా నిజంగానే విసిరింది అని. నేను లేచి ఆళ్వారు మాటలు చెప్పబోయి వాడి మొహం చూసి ఆగిపోయాను. ఐశ్వర్యా, వాడు వెలిగిపోతున్నాడమ్మా. జుట్టులో పూరేకులు, భుజాన వెన్న, వెధవ ముఖం వెలిగిపోతోంది. పెళ్ళయిన దగ్గర్నించీ ఆమె ఎవరి వంక చూస్తుందా, ఎవరితో నవ్వుతుందా అని కుళ్ళి చచ్చినవాడు. వాడి కోసం ఆమె కుళ్ళుకోవడం వాడెన్నడూ చూళ్ళేదు. నన్ను చెయ్యి పట్టుకుని ఆపి, మెల్లగా అన్నాడు, "నువ్వుండు కామేశా. అప్పుడే సర్ది చెప్పాకు. ఇంగ కొంచెంసేపు తిట్టనీ."

తెరిచిందిలే చివరికి, హారతి ఇవ్వాలిగా. పక్కపక్కన నిలబడ్డారు. ఆమె వాడి వంక చూడలా. మర్నాడే ఫ్యాక్టరీకి పోకముందు కొట్టుకి తీసుకెళ్ళమంది. కొట్టు తెరవగానే వెళ్ళి నిలబడ్డారు. తవమణి ఆమె చేతులు పట్టుకుని మీ ఆయన బంగారం, ఎంత బుద్ధిగా నేర్చుకుంటాడో అని ఒకటే పొగడటం. యాభై దాటిన మనిషి, ఇంతలావు, స్వెటర్ మీద స్వెటర్. ఇందుమతమ్మ మునక్కాడలు కొనుక్కుని కార్లో కూర్చుని, చానాసేపు తర్వాత, "కళ్ళు బాగుంటాయి ఆమెకి" అందంట. ఆ ఒక్క మాట మావాడు ఎన్ని వారాలు చెప్పాడో నాకు. కారెక్కడం పాపం, "కళ్ళు బాగుంటాయందిరా!" అని. ఆ తర్వాత ఒక్క శనివారం కూడా వాణ్ణి ఒంటరిగా సిటీకి పంపలా. వాడు అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు, "మా ఇంటామె నన్ను ఇడిసిపెట్టదు సామీ" అని. సారనాథన్ మళ్ళీ ఆదివారాలు వచ్చేవాడు, తర్వాత వాళ్ళావిడ కూడా వచ్చింది. మావాడి కుళ్ళు పోయిందనుకున్నావా? పోలా. ఆమె ఆయనతో నవ్వితే వీడు తవమణి పేరెత్తేవాడు. అట్టా సర్దుకున్నారు.

తర్వాత కొన్నేళ్ళకే పోయాడమ్మా. గుండె. వాన రోజే. హార్బరు మధ్యలో ఆ చిన్న దీవి మీద దహనాలు చేస్తారు చూడు, అక్కడే. శ్రీరంగమూ దీవే గదా అన్నయ్యగారూ అంది ఆమె కారు దిగుతా, అంతే మాట్లాడింది. లోపల ముందు వరసలో కూర్చుంది, కూతురు అపర్ణ పక్కన. ఆ పిల్ల ఆ ఆదివారాలప్పుడు హాస్టల్లో చదువుకునేదిలే. అపర్ణ అప్పటికే ములింగార్ ఆసుపత్రిలో చేస్తోంది, ఇప్పుడు ఇందుమతమ్మ కూడా అక్కడే ఉంటోందిలే. పెట్టె దగ్గర అందరం ఒక్కొక్కరం నిలబడి వస్తున్నాం. అప్పుడు వెనక తలుపు తీసుకుని తవమణి వచ్చింది. తడిసిపోయి ఉంది. పెట్టె మీద రెండు చేతులూ వేసి తమిళంలో ఏడ్చింది, పెద్దగా, వాళ్ళ ఊళ్ళో ఏడ్చినట్టు. అందరం కళ్ళు తుడుచుకున్నాం. అప్పటిదాకా ఇందుమతమ్మ కంట చుక్క రాలేదు, బొమ్మలాగా కూర్చుని ఉంది. ఆవిడ వంక చూసింది. చూసి, చూసి, నా వైపు వంగి, నెమ్మదిగా అడిగింది.

"ఆమెకి ఎవరు చెప్పినారు?"

...

అదిగో, టూ ట్వంటీ బస్సు మలుపు తిరుగుతోంది. పరిగెత్తమ్మా, ఇది పోతే మళ్ళీ ఎప్పటికో.